పాఠైక్యము – రూపభేదము: తెలుగు వెబ్‌పుటల నిర్మాణముపై ఒక పరిశీలన

గ్రంథపరిష్కరణముతో పరిచయము గలవారికి పాఠభేదమనునది క్రొత్త మాట గాదు. ఒక కావ్యమునకు పది తాళపత్రప్రతులు దొరకినచో పదింటను పాఠము పది రీతుల కనబడవచ్చును. లేఖకుని ప్రమాదము వలన కొన్నియు, ఉచ్చారణభేదము వలన కొన్నియు, ఆకు చివికిపోవుట వలన కొన్నియు భేదములు పుట్టును. వానిని పోల్చి కవిహృదయమునకు సన్నిహితమైన పాఠమును నిర్ణయించుట పరిష్కర్త విధి. ముద్రణయంత్రము వచ్చిన పిదప ఒక కూర్పునకు చెందిన వేయి ప్రతులును ఒక్క తీరుననే యుండునను ధైర్యము మనకు కలిగినది. ఆ ధైర్యము నేడు కొంత సడలినది. వెబ్‌పుట యను నూతన గ్రంథరూపమునందు, వ్రాసినవారి యొద్ద నుండు పాఠము ఒక్కటియే; కాని చదువరి దానిని తెఱచిన ప్రతిసారియు అతని చేతి ఫోనునందో, కార్యాలయపు కంప్యూటరునందో అది క్రొత్తగా కూర్పబడుచున్నది. కూర్చెడి లేఖకుడు బ్రౌజరు. లేఖకులు పలువురైనప్పుడు లేఖకదోషములును పలు విధములుగా నుండుట సహజము.

ఈ విషయమును యంత్రశాస్త్రజ్ఞులు తమ దృష్టితో విస్తరముగా చర్చించియున్నారు. మేము దీనిని భాషాసాహిత్యముల వైపునుండి, అందును నల్లగొండ, మహబూబునగర ప్రాంతముల చదువరిని దృష్టియందుంచుకొని పరిశీలింప దలచితిమి. ఈ రెండు జిల్లాలు 2016 అక్టోబరు 11న విభక్తములైనవి. మొదటి దానినుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలును, రెండవ దానినుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలును ఏర్పడినవి. నారాయణపేట 2019లో ప్రత్యేకమైన జిల్లా యైనది. పరిపాలనారేఖలు మాఱినను, పనికై వలస పోవు పాలమూరు కూలీలును, భీవండి షోలాపురములలో స్థిరపడిన నల్లగొండ పద్మశాలీలును స్వస్థలముతో సంబంధమును నిలుపుకొనుటకు నేడు ఎక్కువగా వాడునది చిన్న తెరగల ఫోనే. కనుక ఒక పుట ఆ తెరపై సరిగా తెఱచుకొనునా లేదా యనునది అలంకారవిషయము మాత్రమే కాదు. అది హక్కునకు సంబంధించిన విషయము.

ముందుగా ఈ సమస్య పుట్టుకను గూర్చి కొంత చెప్పవలసియున్నది. టిమ్ బెర్నర్స్‌లీ 1989లో ప్రతిపాదించి 1991లో లోకమునకు తెలిపిన వెబ్ యొక్క మూలభావము మిక్కిలి ఉదారమైనది. ఏ యంత్రమునుండియైనను ఏ పత్రమునైనను చదువగలుగవలెననియే దాని యుద్దేశము. కాని 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు వెలువడిన పిదప వానికి నడుమ స్పర్ధ పెరిగినది. ఒకటి గుర్తించు ఆదేశమును రెండవది గుర్తింపదాయెను. పుట యడుగున 'ఈ పుటను ఫలానా బ్రౌజరులో, 800 × 600 కొలతలో చూడుడు' అని చదువరికి నియమము విధించుట ఆ కాలపు ఆచారము. ఇది గ్రంథకర్త తన గ్రంథమును తన యింటి దీపము వెలుగుననే చదువవలెనని శాసించుట వంటిది. 1996 డిసెంబరులో వెబ్ కన్సార్షియము స్టైల్‌షీటుల ప్రమాణమును ఆమోదించి, పాఠము వేఱు, దాని వేషము వేఱు అను సూత్రమును స్థాపించినది. 2000లో జాన్ ఆల్సప్ అను రచయిత, వెబ్‌పుటను అచ్చుకాగితమువలె బిగించుటకు యత్నింపరాదనియు, దాని ద్రవస్వభావమును గుణముగా గ్రహింపవలెననియు వాదించెను. 2003లో స్టీవ్ ఛాంపియన్, నిక్ ఫింక్ అనువారు మొదట అందఱికిని చాలిన పాఠమును నిలిపి, శక్తిగల యంత్రములకు పిమ్మట సొగసులు చేర్చు పద్ధతిని ప్రతిపాదించిరి. 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ తెర వెడల్పును బట్టి పుట తన్ను తాను సర్దుకొను రచనకు 'రెస్పాన్సివ్' అను పేరు నిచ్చి, అనుపాతమున సాగు గడులు, సాగు చిత్రములు, తెరకొలతను ప్రశ్నించు ఆదేశములు అను మూడు అంగములను నిరూపించెను.

ఈ చరిత్రయందు తెలుగునకు ప్రత్యేకమైన యధ్యాయము ఒకటి కలదు. 1991 నాటి యూనికోడు మొదటి కూర్పునందే తెలుగులిపికి స్థానము లభించినను, అది చదువరి యంత్రమునకు చేరుటకు ఏండ్లు పట్టినది. 1990ల చివరను వెబ్‌లో అడుగిడిన తెలుగు పత్రికలు తమ తమ సొంత ఫాంటులను ఆశ్రయించినవి. ఆ ఫాంటులలో యథార్థమునకు ఉండునవి రోమను సంకేతములు. వానికి తెలుగు అక్షరఖండముల తొడుగు తొడిగిరి. ఫాంటు అందిన యంత్రమున అది తెలుగు. అందని యంత్రమున అర్థము లేని రోమనక్షరముల రాశి. ఒక పత్రిక సంకేతము వేఱొక పత్రికకు చెల్లదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ఒక విధమైన ఫాంటును, నెట్‌స్కేప్ మఱియొక విధమైన ఫాంటును కోరెడివి. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చుట, తిరుమల కృష్ణదేశికాచార్యులవారి పోతన, వేమన ఫాంటులు ఉచితముగా లభించుట, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమగుట, పత్రికల ఫాంటులలోని పాఠమును యూనికోడునకు మార్చి చూపెడి 'పద్మ' యను ఉపకరణమును వెన్న నాగార్జునగారు ఫైర్‌ఫాక్సునకై రూపొందించుట – ఇవి ఆ దుఃస్థితిని క్రమముగా తొలగించిన ఘట్టములు. చిన్న ఫోనులలో ఒపెరా మినీ వాడిన నాటి చదువరులు, దాని లోపలి యమరికలలో సంక్లిష్టలిపులను బొమ్మలుగా తెప్పించుకొను వీలును వెదకి పట్టి, తెలుగును చదువుకొనిరి. చదువవలెనను పట్టుదల చదువరియందు ఎంత యున్నదో తెలియుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

రెండు ప్రాంతముల నేతపనులలో ఈ భేదమునకు తగిన పోలిక యున్నది. పోచంపల్లి చీరకు నమూనా నూలునందే యుండును; నేయుటకు ముందే దారమును కట్టి రంగులద్దుదురు. మగ్గముపై కొలత తప్పినచో ఆ నమూనా చెదరును. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు; భిన్నస్వభావములు గల రెండింటిని నేతయందే కలుపుదురు. రెండును గొప్ప విద్యలే. కాని ఏ మగ్గముపై పడునో ముందు తెలియని పుటకు పోచంపల్లి పద్ధతి చెల్లదు. రూపమును అక్షరములోనే యద్దిన పాత ఫాంటుల పాఠము ఆ కారణముననే చెదరినది. పాఠము తనకు తాను నిలిచి, అలంకారము అంచువలె వచ్చి కలియుట వెబ్‌పుటకు ఉచితము.

ఇప్పుడు యూనికోడు అంతటను వ్యాపించినది గదా, ఇంకను సమస్య యేమని యడుగవచ్చును. సమాధానము మన జిల్లా పేరుననే యున్నది. 'మహబూబ్‌నగర్' అని వ్రాయుటకు 'బ్' అను పొల్లునకును 'న' కును నడుమ కంటికి కనబడని యొక చిహ్నము కావలయును. దీనిని జీరో విడ్త్ నాన్‌జాయినరు అందురు. మేము విశ్లేషచిహ్నమని వ్యవహరింతుము. అది లేనిచో నకారము వత్తుగా మాఱి 'మహబూబ్నగర్' అను వికృతరూపము ఏర్పడును. నాగర్‌కర్నూలునకును ఇదియే గతి. ఆ చిహ్నమును టైపు చేయుట తెలియనివారు ఖాళీని విడిచి 'మహబూబ్ నగర్' అని వ్రాయుదురు. అప్పుడు ఇఱుకైన తెరపై ఊరిపేరు రెండు పంక్తులకు చీలును. ఇట్లు ఒక్క పేరే మూడు అక్షరక్రమములలో వ్యవహరింపబడుచున్నది. అక్షరక్రమమును యథాతథముగా పోల్చెడి పట్టికలలో ఇవి మూడు వేఱువేఱు ఊళ్ళుగా లెక్కింపబడును. ఒకదానితో నమోదై, మఱియొకదానితో వెదకినవానికి 'వివరములు లేవు' అను జవాబు వచ్చును. అజంతమైన తెలుగుభాష హలంతములైన పరపదములను 'మహబూబునగరము' అని ఉకారము చేర్చి గ్రహించుటలోని సౌలభ్యము ఇచట స్ఫురించుచున్నది. 'పాలమూరు' అను దేశ్యనామము ఏ తెరపైనను ఏ చిహ్నముతోను పనిలేక నిలుచును.

ఈ అదృశ్యచిహ్నము ఎంత ప్రమాదకారి కాగలదో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచినది. జకార, ఞకారముల సంయోగమునకు పిమ్మట ఈ చిహ్నమును, దానిపై ఆకారమును గలిగిన యొక తెలుగు అక్షరక్రమము అందినంతనే ఆపిల్ కంపెనీ ఫోనులలోని అనేక కార్యక్రమములు కూలిపోయినవి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 కూర్పుతో ఆ దోషము సవరింపబడినది. పత్రికలు దానిని తెలుగక్షరము చేసిన చేటుగా వర్ణించినవి. అక్షరము చేసిన దోషమేమియు లేదు. లేఖకుడు, అనగా అక్షరములను కూర్చెడి యంత్రభాగము, తనకు పరిచయము లేని క్రమమును ఎదుర్కొనినప్పుడు తడబడినది. తెలుగు పాఠమును ముందుగా పరీక్షింపకపోవుటయే అందలి దోషము.

రెండవ దోషము పంక్తి యెత్తునకు సంబంధించినది. రోమనులిపికి సరిపడునట్లు ఎత్తు బిగించిన గడిలో తెలుగు పెట్టినచో క్రింది వత్తులు తెగిపోవును. 'నల్లగొండ' 'నలగొండ' యగును. ప్రత్తి రైతునకై సిద్ధము చేసిన పట్టికలో 'పత్తి' అను మాట తకారపు వత్తు తెగి 'పతి' యని కనబడినచో అర్థమే మాఱును. 'స్త్రీ', 'స్వాతంత్ర్యము' వంటి పదములకు పైన గుణింతమును క్రింద రెండు వత్తులును ఉండుటచే మఱింత చోటు కావలయును. విండోసునందలి నిర్మలా, ఆపిల్‌లోని కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లోని నోటో – వీని కొలతలు ఒక్కటి గావు. ఒక ఫాంటుతో సరిపోయిన గడి మఱియొక దానితో చాలకపోవచ్చును. కావున ఎత్తును అంకెతో బిగింపక, అక్షరపరిమాణమునకు అనుపాతముగా విడుచుటయే మార్గము.

మూడవది మా శాఖకు మఱింత సన్నిహితమైనది. పద్యములను వెబ్‌పుటలో నుంచుట నేడు విరివిగా జరుగుచున్నది. తాళపత్రములలో పద్యమును పాదవిభాగము లేక ఏకధారగా వ్రాసెడివారు. చదువరి యతిప్రాసలను బట్టి పాదమును గుర్తించెడివాడు. అచ్చు వచ్చిన పిదప పాదమునకు ఒక పంక్తి యను మర్యాద యేర్పడినది. శార్దూలమున పాదమునకు 19 అక్షరములు, మత్తేభమున 20. ఫోను తెరపై ఆ పాదము రెండుగానో మూడుగానో విఱుగును. విఱిగిన తునకయు ఎడమ అంచునుండియే మొదలగుటచే విద్యార్థి దానినే పాదాదియని భ్రమించి రెండవ యక్షరమున ప్రాసను వెదకి విఫలుడగును. ఆఱు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు గల సీసపాదమైనచో చెప్పనక్కరలేదు. కొందఱు దీనికి విఱుగుడుగా పద్యమును బొమ్మగా పెట్టుచున్నారు. అది రోగముకంటె కఠినమైన చికిత్స. ప్రతి పాదమును ఒక ప్రత్యేకఖండముగా గుర్తించి, విఱిగిన భాగమును కొంచెము లోపలికి జరిపినచో చాలును. ఎంత యిఱుకు తెరయైనను పాదాది తెలియును. సీసమునందు పాదమును రెండు సమభాగములుగా పంచు సంప్రదాయము ఉండనే యున్నది. ఛందస్సు తెలిసినవాడును పుట కట్టువాడును ఒక్కచోట కూర్చుండినచో అరగంటలో తీఱెడి సమస్య యిది.

బొమ్మల ప్రస్తావన వచ్చినది గనుక మఱియొక మాట. ప్రకటనలను, జాబితాలను స్కాను చేసి బొమ్మగానో పీడీఎఫ్‌గానో పెట్టుట పెక్కుచోట్ల వాడుకలో నున్నది. ఇది అన్ని యంత్రములలోను ఒక్క తీరుననే కనబడునని దీనిని సమర్థింతురు. మాట నిజమే, కాని ఆ ఏకరూపత పనికిరాని ఏకరూపత. పెద్ద కాగితపు కొలతలోని బొమ్మ ఫోనుపై చీమతలలవలె కనబడును. పెంచినచో ప్రతి పంక్తికిని తెరను అటునిటు జరుపవలెను. దానిలో మాటను వెదకుటకు వీలులేదు. అంధులకై చదివి వినిపించు యంత్రమునకు అది శూన్యము. వెబ్ కన్సార్షియము 2018లో ప్రకటించిన సౌలభ్యనియమములు, 320 పిక్సెళ్ళ వెడల్పునకు కుదించినను చదువరి పుటను పక్కకు జరుపనక్కరలేకుండ పాఠము సర్దుకొనవలెనని విధించుచున్నవి. 2017లో వచ్చి పల్లెలలో వ్యాపించిన జియోఫోను తెర 2.4 అంగుళములు, వెడల్పు 240 పిక్సెళ్ళు మాత్రమే. దానిని వ్రేలితో తాకి నడపుటకు వీలులేదు, మీటలే యాధారము. అట్టివాని చేతిలో స్కాను బొమ్మ ఏపాటి ప్రయోజనకారి?

మా యెఱుకలో జరిగిన యొక సంగతిని ఇచట చెప్పుట అప్రస్తుతము గాదు. దేవరకొండ ప్రాంతపు తండానుండి వచ్చిన విద్యార్థిని యొకతె పైచదువునకై ఒక సంస్థకు తన ఫోనులో దరఖాస్తు నింపినది. అన్నియు నింపిన పిదప సమర్పించు మీట కనబడలేదు. అది తెర కుడియంచునకు ఆవల నున్నది. పుటను పక్కకు జరుపుటకు వీలులేకుండ బిగించియున్నారు. గడువు ఆనాటితోనే ముగియును. సంస్థవారికి ఫోను చేయగా, "మా కంప్యూటర్లో బాగానే వస్తున్నదమ్మా" అని జవాబు వచ్చినది. ఆమె బస్సెక్కి పట్టణమునకు పోయి, నెట్ సెంటరున రుసుము చెల్లించి, మూసివేయుటకు కొంచెము ముందుగా దరఖాస్తును పంపగలిగినది. బస్సు దొరకనివారి సంగతి మనకు తెలియదు. వారు ఫిర్యాదు చేయుటకు సైతము వచ్చియుండరు. 'మా కంప్యూటరులో బాగున్నది' యను మాట అబద్ధము గాదు. కాని పాఠమునకు ప్రమాణము లేఖకుని ప్రతి గాదు, చదువరి చేతికందిన ప్రతి. ఈ చిన్న సత్యమును మఱచుటయే సమస్తదోషములకు మూలము.

దీనికి రెండు ఆక్షేపణలు కలవు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 2022 జూన్ 15న విశ్రమించినది, ఎడ్జ్ మొదలగునవి క్రోమ్ యంత్రమునే స్వీకరించినవి, ఇక భేదమెక్కడిదని మొదటిది. యంత్రము ఒక్కటియైనను ఫాంటు, తెర, జ్ఞాపకశక్తి, బ్రౌజరు కూర్పు, సంకేతబలము ఒక్కటి గావు. పైగా ఆపిల్, ఫైర్‌ఫాక్స్ యంత్రములు వేఱుగా నున్నవి. ఒక్క బ్రౌజరు ప్రాబల్యమును నమ్మి పుటలు కట్టిన తప్పు ఒకమాఱు జరిగినదే. ప్రతి కార్యాలయమును సొంత యాప్ చేసికొనినచో చాలునని రెండవది. చోటు చాలని ఫోనులో పది యాపులు పట్టవు; యాప్‌లోను తెరకొలతల సమస్య తొలగదు. వెబ్‌పుట కట్టుటకు పట్టిన శ్రమనే అచటను పడవలసియుండును.

ఈ సందర్భమున క్షేమేంద్రుని ఔచిత్యవిచారము స్మరణీయము. అలంకారము తగిన చోట నున్నప్పుడే అలంకారమని, మెడలోనిది నడుమునకును నడుముదానిని మెడకును పెట్టినచో నవ్వులపాలగుదురని 11వ శతాబ్ది నాటి ఆ కాశ్మీరపండితుని మతము. సురవరం ప్రతాపరెడ్డిగారి పేర సిలికానాంధ్రవారు ఉచితముగా నందించిన ఫాంటు ఒకటి కలదు. పాలమూరు సీమవాడై, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన ఆ మహనీయుని పేరు అక్షరమునకు పెట్టుట సముచితము. కాని ఆ ఫాంటు శీర్షికలకై తీర్చినది. అభిమానముతో పుటయంతయు దానితోనే నింపినచో చిన్న తెరపై చదువుట కష్టము. తెలుగు ఫాంటునందు సంయుక్తాక్షరరూపములు పెక్కుండుటచే పరిమాణమును అధికము. సంకేతము మందగించిన చోట ఫాంటు చేరువఱకు పుట శూన్యముగా నుండును. ఫాంటు వచ్చులోపల యంత్రమునందున్న ఫాంటుతోనే పాఠమును చూపుమను ఆదేశము నిచ్చుట యుక్తము. శీర్షికకు సురవరము, పాఠమునకు సాదా అక్షరము: ఇది ఔచిత్యము.

మా పరిశీలనమున తేలిన విషయములను సంగ్రహించెదము. పాఠము యూనికోడునందును, వేషము స్టైల్‌షీటునందును వేఱువేఱుగా నుండవలెను. మిక్కిలి యిఱుకైన తెరకు ముందు కట్టి, పిదప విశాలమైన తెరకు విస్తరింపవలెను. ఎత్తులను బిగింపరాదు. పాఠమును బొమ్మగా చేయరాదు. చేయక తప్పనిచో దానితోపాటు పాఠమును ఉంచవలెను. అన్నింటికంటె ముఖ్యము పరీక్ష. 'మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, నల్లగొండ, పత్తి, స్త్రీ, జ్ఞానము, స్వాతంత్ర్యము' అను ఈ యేడు పదములను, ఒక సీసపద్యమును, ఒక పట్టికను, ఒక సమర్పణ మీటను ప్రతి పుటకును పరీక్షాపాఠముగా మేము ప్రతిపాదించుచున్నాము. ఇవి ఒక పాతఫోనున, ఒక మీటల ఫోనున, ఒక కంప్యూటరున, రెండు భిన్నయంత్రముల బ్రౌజరులలో చెదరక నిలిచినచో ఆ పుటను తెలుగుపుట యనవచ్చును. అన్నిచోట్లను ఒక్క రూపము నుండుట అక్కరలేదు. ఒక్క యర్థము అందినచో చాలును.

1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిన నాడు తెలుగున ఒక పత్రిక ఇచట పుట్టుటయే ఘనకార్యము. 1934లో గోలకొండ కవుల సంచిక 354 మంది కవులను చూపి, తెలంగాణమున కవులు లేరను మాటకు జవాబు చెప్పినది. నాటి ప్రశ్న పాఠము ఉన్నదా యని. నేటి ప్రశ్న ఉన్న పాఠము తెఱచుకొనునా యని. ఈ నియమములను ఇతరులకు చెప్పుటకు ముందు మా పత్రికయే పాటింపవలసియున్నది. కాగితపు కొలతలో బిగించిన పీడీఎఫ్‌గా వెబ్‌లో నుంచెడి పరిశోధనపత్రికలలో మాదియు ఒకటి. వచ్చు సంచికనుండి వ్యాసములను సర్దుకొను పుటలుగా ప్రకటింపవలెనని శాఖాసమావేశమున ప్రతిపాదింప నిశ్చయించితిమి. ఈ వ్యాసమును దేవరకొండ బస్సులో కూర్చుండి ఫోనుపై చదువగలిగిన నాడు మా వాదము సఫలమైనట్లు తలంతుము.